దండుగయు, వెలయు

మాటల చరిత్రలో మనుష్యుల నడవడి చరిత్ర యిమిడియుండును. తెలుగున "దండుగ" యను మాట కలదు. తప్పు చేసినవానిచేత ప్రభుత్వము కట్టించుకొను పైకమునకు పూర్వము అది పేరు. నేడు ఆ మాట విన్నవారికి తప్పు గాని శిక్ష గాని స్ఫురింపదు. వ్యర్థమైన వ్యయము మాత్రమే స్ఫురించును. దండుగ కట్టినవాడు తాను చేసిన పనిని మఱచి, తన చేతినుండి జాఱిన రూకలనే తలచుకొనుచు వచ్చుటచేత గాబోలు, మాటకు అర్థ మిట్లు మాఱినది. నేరమునకు గుర్తుగా నుండవలసినది ఖర్చుపద్దులో చేరినది. ఈ చిన్న మార్పులో నేటికాలపు పెద్ద ధర్మసందేహ మొకటి దాగియున్నదని మా తలంపు.

ఆ సందేహ మిది. పదిమంది పీల్చు గాలిని, త్రాగు నీటిని, పండించుకొను నేలను చెఱచినవాడు అందులకై ధనము చెల్లించెనేని, అతడు చేసినది తప్పు కాకపోవునా? ఆ చెల్లింపు శిక్షయా, లేక చెఱచుటకు అతడు కొనుక్కొన్న అనుమతియా?

వెలకును దండమునకును గల భేదమును మొదట తేల్చుకొందము. అంగడిలో బియ్యమునకు వెల యిచ్చినవాడు తప్పు చేసినవాడు కాడు. ఇచ్చిన పిదప అతడు అంగడివానికి ఋణపడియుండడు. రేపు మఱల వచ్చి కొనవచ్చును. ఎంత హెచ్చుగా కొనిన అంత మర్యాదయు పొందును. దండ మట్లు కాదు. దండమిచ్చినవాడు చేయరానిది చేసినాడు, మఱల చేయరాదు, చేసెనేని మునుపటికంటె హెచ్చుగా నిందనీయుడు. రెండింటను చేతులు మాఱునవి రూపాయలే. కాని మొదటిది పనికి సమ్మతి, రెండవది పనికి నిషేధము. ఒకదానిని చూచి వేఱొకదానిగా పొరబడిన సంఘము తన నిషేధములను తానే అమ్ముకొనును.

ఈ విషయమై మన పూర్వులు ఏమనిరో చూతము. ధర్మశాస్త్రములలోని వర్ణభేదములను, వానివలన స్త్రీలకును శూద్రులకును కలిగిన అన్యాయమును మేము సమర్థించువారము కాము. అయినను గ్రాహ్యమైనదానిని ఎక్కడనుండియైనను గ్రహింపవచ్చును. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయములో నొక విధి కలదు. ఆపద యేమియు లేకయే రాజమార్గమున అశుద్ధము విడిచినవాడు రెండు కార్షాపణములు చెల్లింపవలెను. చెల్లించి ఊరకుండరాదు, ఆ అశుద్ధమును వెంటనే శుభ్రపఱుపవలెను. తరువాతి శ్లోకమున ఆపదలో నున్నవారికి, వృద్ధులకు, గర్భిణులకు, బాలురకు మినహాయింపు కలదు. వారికి మందలింపే చాలును. కాని శుభ్రపఱుచుట మాత్రము తప్పదు.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు లెక్కలలోనికి దిగినాడు. వీథిలో చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదనీటితో దారి నడ్డగించినవానికి నాల్గవ వంతు దండము. రాజమార్గమునందైనచో దానికి ఇబ్బడి. పుణ్యస్థలమునందు, నీటితావునందు, దేవాలయమునందు మలవిసర్జన చేసినవానికి పణము మొదలుకొని హెచ్చుచు పోవును. మందువలననో, వ్యాధివలననో, భయమువలననో జరిగినదైనచో దండము లేదు.

ఈ విధులనుండి మూడు సూత్రములు తేలుచున్నవి. ధనము చెల్లించుట శుభ్రపఱుచుటకు బదులు కాదు. దండముయొక్క పరిమాణము హానియొక్క పరిమాణము ననుసరింపవలెను. గత్యంతరము లేనివానిని, బుద్ధిపూర్వకముగా చేసినవానిని ఒక్కగాట గట్టరాదు. రెండువేల యేండ్లకు పూర్వపు వీథులకు చెప్పిన యీ మాటలు నేటి కార్ఖానాల పొగగొట్టములకును మురుగుకాలువలకును చాలునా యని చదువరు లడుగవచ్చును. చాలవు, కాని యివి లేనిదే ఏవియు చాలవు.

మేము బడిపంతులము గనుక, శిక్షలనుగూర్చి విచారింపవలసివచ్చినప్పుడు మా చూపు బడులమీదికే పోవును. ఇజ్రాయేలు దేశమున హైఫా నగరములో ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ యను ఇద్దఱు అర్థశాస్త్రజ్ఞులు పది శిశుసంరక్షణాలయములను పరిశీలించి, 2000 సంవత్సరమున తమ ఫలితములను ప్రకటించిరి. సాయంకాలము బిడ్డలను తీసికొనిపోవుటకు కొందఱు తల్లిదండ్రులు ఆలస్యముగా వచ్చుచుండిరి. ఆఱు ఆలయములలో ఆలస్యమునకు కొద్దిపాటి జుల్మానా విధించిరి. ఆలస్యము తగ్గలేదు సరికదా, రమారమి రెండింతలైనది. అంతకుముందు ఆలస్యముగా వచ్చినవాడు, తనకొఱకై కాచుకొనియున్న పంతులమ్మ ముఖము చూచి సిగ్గుపడెడివాడు. జుల్మానా వచ్చిన తోడనే ఆ సిగ్గు తొలగెను. అది తాను పైకమిచ్చి కొన్న సేవ యాయెను. అంతకంటెను ఆలోచింపదగిన దింకొకటి గలదు. కొన్ని వారముల పిదప జుల్మానా తీసివేసిరి; ఆలస్యము మాత్రము మునుపటి స్థితికి తగ్గలేదు. ఒకసారి వెలకట్టి అమ్మిన సిగ్గును తిరిగి కొనుట సులభము కాదు.

ఇక మన దేశపు శాసనములకు వత్తము. నీటి కాలుష్యమునుగూర్చి 1974లోను, గాలి కాలుష్యమునుగూర్చి 1981లోను, పర్యావరణ రక్షణమునుగూర్చి 1986లోను శాసనములు పుట్టినవి. ఈ మధ్యకాలమున, 1976లో, రాజ్యాంగమునకు చేసిన సవరణమువలన పర్యావరణమును కాపాడుట ప్రభుత్వమునకును ప్రతి పౌరునకును విధి యాయెను. 1986 నాటి శాసనమును మీఱినవానికి అయిదేండ్లవఱకు ఖైదు గాని, లక్ష రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చునని యుండెడిది. 2023లో పార్లమెంటు ఆమోదించిన జన్ విశ్వాస్ శాసనము ఆ ఖైదును తొలగించి, దానికి మాఱుగా 10,000 రూపాయలు మొదలుకొని 15 లక్షల రూపాయలవఱకు అపరాధరుసుమును నిర్ణయించినది. తప్పు కొనసాగినచో దినమునకు 10,000 రూపాయల చొప్పున అదనము. ఆ రుసుమును కట్టనివానికే ఖైదు. 1981 నాటి గాలి శాసనములోని శిక్షలను సయితము ఆ శాసనమే ఇట్లు మార్చినది. 2024లో నీటి శాసనమునకును ఇట్టి సవరణయే చేసిరి.

దీనిని సమర్థించువారి వాదము తోసివేయదగినది కాదు. ఖైదు కాగితముమీదనే యుండెను గాని కారాగారమున లేదు; వ్యాజ్యములు న్యాయస్థానములలో ఏండ్లతరబడి మ్రగ్గుచుండెను; పెద్దవాడు వకీళ్లను పెట్టుకొని తప్పించుకొనగా, చిన్న కార్ఖానాదారుడు తనిఖీదారునికి భయపడి చేయి తడుపవలసి వచ్చుచుండెను; ఎన్నడును వేయని పెద్దశిక్షకంటె వెంటనే వేయు చిన్నశిక్ష మేలు. ఈ వాదములో నిజము గలదు. శిక్ష యెంత క్రూరమనుదానికంటె ఎంత నిశ్చయమనునదే నేరమును ఆపునని మేమును నమ్ముదుము.

కాని సమర్థకులు చెప్పక విడిచిన దొకటి గలదు. మురుగును శుద్ధిచేయు యంత్రములను నెలకొల్పి నడుపుటకు ఏటేట కోట్ల రూపాయలు కావలసిన కార్ఖానాకు, 15 లక్షల రుసుము భయము కాదు, లాభము. దినమునకు 10,000 రూపాయలను కలిపినను, ఏడాదికి ముప్పదియాఱున్నర లక్షలు. అట్టి యజమాని మనస్సులో లెక్క ఎట్లు సాగునో ఊహించుటకు గొప్ప గణితము అక్కఱలేదు. రుసుముయొక్క పైహద్దు హానిని బట్టి గాక శాసనములోని అంకెను బట్టి యున్నప్పుడు, దండము తనంతట తానే వెలగా మాఱిపోవును. ఖైదు తీసివేయుట తప్పని మేము అనము. ఖైదుతోపాటు "ఇది చేయరానిపని" యను మాటయు తీసివేయబడినచో తప్పని యందుము.

ఖైదు లేకయే ఆ మాటను గట్టిగా చెప్పిన తీర్పు మనకు లేకపోలేదు. రాజస్థానములో ఉదయపూరునకు చేరువనున్న బిచ్ఛ్రీ యను గ్రామమువద్ద కొన్ని రసాయనపు కార్ఖానాలు, రంగుల తయారీకి వలయు హెచ్-ఆమ్లమును చేసినవి. సుమారు 2400 టన్నుల విషపు మడ్డి మిగిలినది. అది వానలకు నేలలోని కింకి, బావుల నీరు మనుష్యులకు గాని పశువులకు గాని పైరునకు గాని పనికిరాకుండ పోయెను. 1989లో వ్యాజ్యము దాఖలాయెను. 1996 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. దానిని వ్రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి బి. పి. జీవన్ రెడ్డిగారు. అపాయకరమైన వ్యాపారము చేయువాడు, తాను జాగ్రత్త వహించితినని చెప్పుకొని తప్పించుకొనజాలడు. "చెఱచినవాడే చెల్లింపవలెను" అను సూత్రము ననుసరించి, బాధితులకు కలిగిన నష్టము మాత్రమే గాక చెడిన నేలను, నీటిని మఱల బాగుచేయుటకగు వ్యయమును వాడే భరింపవలెనని ఆ తీర్పు. మనువు చెప్పిన రెండు భాగములును ఇందు గలవు.

తరువాత నేమి జరిగినది? బాగుచేయుటకు 37 కోట్ల 38 లక్షల రూపాయలకు పైగా కావలెనని 1997లో తేలినది. కార్ఖానాలవారు అర్జీమీద అర్జీ పెట్టుచు పైకమును చెల్లింపక జరపుకొనిరి. 2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము మఱల కలుగజేసికొని, నూటికి 12 వంతున చక్రవడ్డీతో ఆ మొత్తమును చెల్లింపవలెననియు, న్యాయస్థానమును ఇన్నేండ్లు త్రిప్పినందులకు 10 లక్షలు అదనముగా కట్టవలెననియు ఆజ్ఞాపించినది. వ్యాజ్యము పుట్టిననాడు పుట్టిన బిడ్డ అప్పటికి ఇరువదిరెండేండ్లవాడు. చదువరులు న్యాయస్థానముయొక్క పట్టుదలను మెచ్చుకొనవచ్చును. కాని ఆ యిరువదిరెండేండ్లు ఆ బిడ్డ ఏ బావినీరు త్రాగెనో కూడ ఆలోచింపవలెను.

భూపాలనగరపు కథ దీనికి రెండవ ముఖము. అక్కడ పైకము వచ్చినది, శుభ్రపఱుచుట జరుగలేదు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి విషవాయువు వెలువడి వేలమంది ప్రాణములు గొన్నది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. కాని కార్ఖానా ఆవరణమున మిగిలిన విషపదార్థములలో 337 టన్నులను అక్కడనుండి కదలించినది 2025 జనవరిలో; పీతంపూరులో వానిని కాల్చి ముగించినది ఆ యేటి నడుమను. నలుబదియేండ్లు! రెండు కార్షాపణములు చెల్లించి అశుద్ధమును రాజమార్గముననే విడిచిపోయిన కథ యిది. "చెఱచినవాడే చెల్లింపవలెను" అను సూత్రమును తలక్రిందులు చేసి "చెల్లించినవాడు చెఱుపవచ్చును" అని చదువుకొన్నచో ఫలితమిట్లే యుండును.

మఱి శుభ్రపఱుచుటకే వీలులేనివానికి ఏమి మార్గము? 2020 మే 7వ తేది తెల్లవాఱుజామున విశాఖపట్టణము చెంత ఒక కార్ఖానానుండి స్టైరీన్ ఆవిరి వెడలి, నిద్రలోనున్న పల్లెలను ముంచెను. పన్నెండుగురు మరణించిరి. మఱునాడే జాతీయ హరిత ట్రిబ్యునలు ఆ కంపెనీ 50 కోట్ల రూపాయలు ముందుగా జమకట్టవలెనని ఉత్తరు విచ్చెను. త్వరితమైన న్యాయమే. అయినను ఆ పైకములో ఏ భాగముచేత ఆ పన్నెండుగురు మరల లేతురు? చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యన్నది యిదియే. కనుక బాగుచేయరాని హాని విషయమున వెలగాని దండముగాని మాటలాడదగినది కాదు. "వలదు" అను మాట యొకటే తగినది.

ఆ మాటను హైదరాబాదు నగరపు జలాశయముల విషయమున సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచిన పిదప, వఱదను ఆపుటకును మంచినీటికిని పనికివచ్చునట్లుగా ఉస్మాన్ సాగరును 1920లోను, హిమాయత్ సాగరును 1927లోను కట్టిరి. ఈ రెండింటి చుట్టును పది కిలోమీటర్ల మేర కాలుష్యము కలిగించు పరిశ్రమలు ఉండరాదని 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు వెలువరించెను. ఆ హద్దులోపల ఆముదపునూనెనుండి సరకులు చేయు కార్ఖానా యొకటి నెలకొల్పబూనగా వ్యాజ్యము నడచినది. 1999 జనవరిలో న్యాయమూర్తి ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పులో "ముందుజాగ్రత్త" సూత్రమును వివరించి, హాని కలుగునని ఊరివారు ఋజువుచేయ నక్కఱలేదనియు, హాని కలుగదని కార్ఖానావాడే ఋజువుచేయవలెననియు చెప్పిరి. ఇది చిన్నమార్పు కాదు. అంతవఱకు సందేహముయొక్క ఫలము వ్యాపారికి దక్కుచుండెను. ఇప్పుడు త్రాగునీటికి దక్కినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు ఉత్తరువుచేత, జలాశయముల నీరు చెడకుండవలెనను షరతుతో, 111వ నంబరు ఉత్తరువులోని నిషేధములను తొలగించెను. భూమి ధర పెరిగినకొలది "వలదు" అను మాట బలము తగ్గుట మనము చూచుచునే యున్నాము.

ఇంతవఱకు చెప్పినవి ఒక కార్ఖానాకును ఒక గ్రామమునకును నడుమనున్న తగవులు. చెఱచినవాడెవడో, చెడినవాడెవడో కనబడుచున్నది. భూగోళము వేడెక్కుటను విచారించునప్పుడు ఈ రెండును మఱుగుపడుచున్నవి. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పదిలక్షలపాళ్లకు సుమారు 280 పాళ్లుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లను మించినది. అందులో కొంత శతాబ్దులతరబడి గాలిలో నిలుచును. చేసికొన్నవానికి చేసికొన్నంత యను మన సామెత యిక్కడ చెల్లదు. చేసికొన్నవా డొకడు, అనుభవించువాడు వేఱొకడు. ఆ వేఱొకడు సముద్రమునకావల నుండవచ్చును, ఇంకను పుట్టకయే యుండవచ్చును.

ఇచ్చట వెలను వాడుటకు ఒక న్యాయమైన తావు గలదని ఒప్పుకొందుము. దీపము వెలిగించినవాడును, బస్సెక్కినవాడును నేరస్థులు కారు. కోట్ల చిన్నపనులు కలిసి హానియగుచున్నప్పుడు ప్రతివానిని శిక్షింపలేము. పొగకు వెలకట్టి, పొగలేని మార్గమును చవుక చేయవచ్చును. కేంబ్రిడ్జి ఆచార్యుడు పిగూ 1920లోనే ఇట్టి పన్నునకు సిద్ధాంతమును చెప్పినాడు. అమెరికాలో 1990 నాటి శాసనము విద్యుత్కేంద్రముల గంధకపుపొగకు మొత్తముమీద హద్దు విధించి, ఆ హద్దులోపల హక్కులను కొని అమ్ముకొననిచ్చెను. ఇరువదియేండ్లలో ఆ పొగ సగమునకు పైగా తగ్గినది. కాని అక్కడ పనిచేసినది వెల మాత్రమే కాదు, దాటరాని హద్దు. మన దేశమున 2022 నాటి సవరణము ననుసరించి 2023లో ప్రకటించిన కర్బనపత్రముల పథకము, సరకుయొక్క ప్రమాణమునకు ఇంత పొగయని నిర్ణయించునది గాని మొత్తము పొగకు హద్దు గీయునది కాదు. సరకు పెరిగినకొలది పొగయు పెరుగవచ్చును. హద్దులేని వెల, గట్టులేని చెఱువువంటిది.

క్రయమునకు ఇరువురు వలయును. గాలిని కొన్నవారు కనబడుచున్నారు, అమ్మినవా డెవడు? పుట్టనివాడు అమ్మలేదు. పసిఫిక్ మహాసముద్రములోని దీవులవారు అమ్మలేదు. 2019లో ఆ దీవుల న్యాయశాస్త్ర విద్యార్థులు కొందఱు ఈ ప్రశ్నను ప్రపంచ న్యాయస్థానమునకు తీసికొనిపోవలెనని సంకల్పించిరి. వనువాటు దేశము దానిని చేపట్టెను. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి మహాసభ ఆమోదించెను. 2025 జూలై 23వ తేదిని హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము ఏకగ్రీవముగా తన అభిప్రాయము ప్రకటించెను. శీతోష్ణస్థితిని కాపాడుట రాజ్యములకు విధియనియు, ఆ విధిని మీఱుట అంతర్జాతీయ దోషమనియు, అట్టి రాజ్యము తప్పుపని మానుట, మఱల చేయనని హామీ యిచ్చుట, చెడినదానిని పూర్వస్థితికి తెచ్చుట, నష్టమును పూడ్చుట యనువానికి కట్టుబడవలసి యుండవచ్చుననియు చెప్పినది. అది సలహామాత్రమే, అమలుచేయించు బంట్రోతులు దానికి లేరు. అయినను ఆ మాటల వరుసను గమనింపుడు. మొదట మానుట, పిదప బాగుచేయుట, ధనము కడపట. మన దేశమునను 2024లో సర్వోన్నత న్యాయస్థానము, శీతోష్ణస్థితి మార్పు కలిగించు కీడునుండి రక్షణ పొందుట పౌరుని హక్కని నిర్ణయించినది.

ఆపదలో నున్నవానికి మినహాయింపు నిచ్చిన పూర్వపు విధికి కూడ ఇక్కడ తావు గలదు. 1992లో కుదిరిన ఒడంబడిక, బాధ్యత అందఱిదైనను అందఱిది సమానము కాదని చెప్పినది. పిడకలతో వండుకొను పేదరాలి పొగయు, విలాసమునకై విమాన మెక్కువాని పొగయు ఒకటి కావు. కాని మినహాయింపు ఆపదకే గాని అలవాటునకు కాదు. పేదల పేరు చెప్పి ధనికులు దాని చాటున దాగరాదు.

కడపట ఒక మాట మనలనుగూర్చి. పైకము పాఱవైచి శుభ్రపఱుచు పనినుండి తప్పించుకొను బుద్ధి కంపెనీలు మనకు నేర్పినది కాదు. ఇల్లలికి, ముగ్గు పెట్టి, చెత్తను వీథిలో పోయు శౌచము మనది. ఆ చెత్తను ఎత్తువానికి నాలుగు డబ్బులు విదిల్చి, వానిని ఊరివెలుపల నుంచినవారము మనము. మలినపఱుచువాడు శుచి, శుభ్రపఱుచువాడు అశుచి యని తరతరములుగా నమ్మిన సంఘమునకు, వెల చెల్లించినచో బాధ్యత తీఱినదన్న శాసనము వింతగా తోపకపోవుట వింత కాదు. కావున శాసనసంస్కారము సంఘసంస్కారమును విడిచి నడువజాలదు.

మేము కోరునది మూడు మాటలు. బాగుచేయరాని హానికి వెల కట్టరాదు. బాగుచేయదగిన హానికి, లాభమును మించిన దండమును, స్వయముగా బాగుచేయు భారమును రెండును విధింపవలెను. అందఱి చిన్నపనులవలన కలుగు హానికి వెల కట్టవచ్చును గాని, మొత్తముమీద ఏటేట తగ్గు హద్దు నేర్పఱచియే కట్టవలెను. మన శాసనసభలలో కూర్చుండువారు రుసుముల పట్టికను సవరించునప్పుడెల్ల, ఈ అంకె దండమా, వెలయా యని తమ్ము తామడుగవలెను. వారడుగనిచో మనమడుగవలెను.